గదిలో లైటు కింద పెంచుతున్న టమాట, మిరప, వంగ నారుకు నీళ్లు, ఎరువు ఎప్పుడు, ఎంత ఇవ్వాలి?

ప్రశ్న (నెల్లూరు నుంచి)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరులో పడమటి ముఖంగా ఉన్న అపార్టుమెంటు. రోహిణి కార్తె ఎండలకు మిద్దె మీద నారు నిలవదని మా అత్తగారు చెప్పడంతో, టమాట, మిరప, వంగ విత్తనాలను గదిలోనే ప్రోట్రేలలో (చిన్న చిన్న గుంటలుండే నారు ట్రేలలో) కొబ్బరి పొట్టు నింపి వేశాను. పైన ఎల్‌ఈడీ ట్యూబులైటు బిగించి, వానలు పడ్డాక మిద్దె మీది కుండీలలోకి మార్చాలని అనుకుంటున్నాను. నారు పెంచడం నాకు ఇదే మొదటిసారి.

మొలకలు బాగానే వచ్చాయి. మొదటి జంట ఆకుల తరువాత టమాటలో అసలు ఆకులు రెండు విచ్చుకున్నాయి, మిరపలో ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. అయితే ఒక ట్రేలో కొన్ని మొక్కలు మొదలు దగ్గర దారంలా సన్నబడి, రాత్రికి రాత్రి పక్కకు ఒరిగిపోయాయి. మిగిలిన వాటిలో టమాట ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరుగుతున్నాయి, వంగలో కింది ఆకులు పాలిపోయినట్లు కనిపిస్తున్నాయి. గదిలో ఫ్యాను తిరుగుతూ ఉండడం వల్ల పైన పొట్టు త్వరగా ఆరిపోతోంది కాబట్టి ఉదయం, సాయంత్రం రెండు పూటలా మగ్గుతో నీళ్లు పోస్తున్నాను.

నీటిలో కరిగిన లవణాలను లీటరుకు మిల్లీగ్రాములలో చూపించే టీడీఎస్ మీటరుతో మా బోరు నీటిని చూస్తే 1,350 చూపిస్తోంది. తాగడానికి తెప్పించుకునే క్యాను నీళ్లు 40 చూపిస్తున్నాయి. ఇంతవరకు బోరు నీళ్లే పోశాను. ఎరువుల దుకాణంలో 19:19:19 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీటిలో కరిగే ఎరువు) ఇచ్చి, లీటరుకు 5 గ్రాములు కలపమన్నారు. పక్కింటివారు జీవామృతం మంచిదంటున్నారు. ఇంత చిన్న మొక్కలకు ఎరువు అసలు అవసరమా, అవసరమైతే ఎప్పటి నుంచి, ఎంత మోతాదులో ఇవ్వాలి, నీళ్లు ఏవి పోయాలి, ఎన్నిసార్లు పోయాలి అనే విషయాలు తెలిసినవారు వివరించగలరు.

జవాబు (కందుకూరు నుంచి)

అమ్మా, ముందుగా ఒరిగిపోయిన మొక్కల సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలిన వాటికన్నా అది తొందరపడవలసిన విషయం. మీరు వర్ణించినది నారుకుళ్లు తెగులు. పిథియం, రైజోక్టోనియా వంటి శిలీంధ్రాలు తడి ఎక్కువై గాలి ఆడని చోట మొక్క మొదలును పట్టుకుంటాయి. కాండం నీరు పట్టినట్లయి, సన్నబడి, మొక్క పడిపోతుంది. పడిన మొక్క తిరిగి లేవదు. పడిన వాటిని, వాటి గుంటలలోని పొట్టుతో సహా, ఈరోజే తీసి ఇంటికి దూరంగా పారవేయండి. ఆ ట్రేను మిగిలిన ట్రేలకు దూరంగా పెట్టండి.

మా ప్రాంతంలో పొగాకు నారుమళ్లు పోసేవారందరికీ ఈ తెగులు చిన్ననాటి నుంచి తెలిసినదే. పొగాకు విత్తనం ఆవగింజకన్నా ఎంతో చిన్నది కాబట్టి, మొలిచేదాకా రోజుకు నాలుగైదు సార్లు సన్నని జల్లు పడే క్యానుతో మడిని తడుపుతారు. మొలక కనిపించి, వేరు కిందికి దిగిన దగ్గర నుంచి ఆ తడులను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ వస్తారు. నారు పెరిగిన కొద్దీ నీరు ఎక్కువ కావాలని కొత్తవారు అనుకుంటారు గానీ, ఆ దశలో పైపైన తడుపుతూ పోతే వేరు లోతుకు దిగదు, మొదలు ఎప్పుడూ పచ్చిగా ఉంటుంది, తెగులుకు అదే చాలు. మీ ట్రేలకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

గడియారం చూసి నీళ్లు పోయడం మానండి. పైన పొట్టు ఆరినంత మాత్రాన లోపల ఆరినట్లు కాదు. కొబ్బరి పొట్టు తడిగా ఉన్నప్పుడు ముదురు గోధుమ రంగులో, ఆరినప్పుడు లేత రంగులో ఉంటుంది, కానీ ఆ రంగు పైపొర సంగతినే చెబుతుంది. అందువల్ల ట్రేను రెండు చేతులతో ఎత్తి చూడడం అలవాటు చేసుకోండి. నీళ్లు పోసిన వెంటనే ఒకసారి, మరుసటి రోజు ఒకసారి ఎత్తితే, బరువులో తేడా చేతికే తెలిసిపోతుంది. ట్రే తేలికైనప్పుడే నీళ్లు ఇవ్వండి. మొక్క చిన్నగా ఉన్నప్పుడు అది తాగే నీరు చాలా తక్కువ. వేర్లకు నీటితో పాటు గాలి కూడా కావాలి, పొట్టు ఖాళీలన్నీ నీటితో నిండితే వేరు ఊపిరి ఆడక పనిచేయడం మానుకుంటుంది. తడిలో ఉండి కూడా ఆకులు వాలిపోయే మొక్కను చూసి దాహమని ఇంకొంచెం నీళ్లు పోసేవారిని నేను ఎందరినో చూశాను, అక్కడే నారు పోతుంది.

మగ్గుతో పైనుంచి పోయకండి. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో ఒక అంగుళం లోతున నీళ్లు పోసి, ట్రేను అందులో పావుగంట నుంచి ఇరవై నిమిషాల వరకు ఉంచితే, పొట్టు కింది రంధ్రాల నుంచి కావలసినంత పీల్చుకుంటుంది. తరువాత ట్రేను బయటకు తీసి, కారవలసిన నీరు పూర్తిగా కారనివ్వండి. నీళ్లలోనే మరిచిపోకూడదు. ఉదయం పూట ఇస్తే రాత్రికి పైభాగం ఆరుతుంది కాబట్టి సాయంత్రపు తడి మానేయండి. ఫ్యాను విషయంలో భయపడనక్కరలేదు, మెల్లని గాలి ఆకులను కొంచెం కదిలించేలా ఉంటే కాండం గట్టిపడుతుంది, తెగులు తగ్గుతుంది. సీలింగు ఫ్యాను నేరుగా కింద మాత్రం పెట్టకండి.

ఇంకొక్క మాట. ఈ నెలల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. ఆ నీళ్లు లేత వేరును ఉడికించేస్తాయి. రాత్రి బకెట్టులో పట్టి గదిలో ఉంచి, ఉదయం వాడండి.

తెగులు పక్క ట్రేలకు పాకుతున్నట్లు కనిపిస్తే, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయడం మేము చేసే పని. కానీ మీరు ఇంట్లో పెంచుతున్నారు కాబట్టి, ట్రేలను బాల్కనీలోకి తీసుకువెళ్లి, చేతులకు తొడుగులు వేసుకుని పోయండి. వంటగదిలోని చెంచాలు, గిన్నెలు దానికి వాడవద్దు. ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంధ్రపు పొడిని విత్తే ముందే పొట్టులో కలిపితే ఈ అవసరం చాలావరకు రాదు. రాగి మందును, ట్రైకోడెర్మాను ఒకేసారి వాడకూడదు.

జవాబు (ఒంగోలు నుంచి)

కందుకూరు పెద్దాయన చెప్పినదంతా సరైనది, దానికి నేను కలపవలసింది నీటిలోని ఉప్పు గురించి. టమాట ఆకుల అంచులు మాడడానికి ఆకలి కారణం కాదని నా అభిప్రాయం. 1,350 చూపించే నీటిని రోజుకు రెండుసార్లు పోస్తూ, నీరు ఆవిరవుతూ, ఉప్పు మాత్రం పొట్టులోనే మిగులుతూ వచ్చింది. ట్రే పైభాగంలోనో, గుంటల అంచుల వెంబడో తెల్లటి పొర కనిపిస్తుందేమో చూడండి.

టీడీఎస్ మీటరు నిజానికి కొలిచేది నీటి విద్యుత్ వాహకతను. వాహకత ఒక డెసీసీమెన్ (dS/m, వాహకతకు వాడే కొలమానం) ఉంటే మీటరును బట్టి 500 నుంచి 700 వరకు చూపిస్తుంది. అంటే మీ బోరు నీటి వాహకత సుమారుగా 2 నుంచి 2.7 వరకు ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రచురించిన పట్టికలలో, దిగుబడి తగ్గడం మొదలయ్యే నీటి వాహకత టమాటకు 1.7, మిరపకు 1.0 అని ఉంది. అవి పొలంలో పెరిగిన పంటకు ఇచ్చిన అంకెలు, లేత నారు అంతకన్నా సున్నితమైనది. కాబట్టి మీ బోరు నీళ్లు ఒంటరిగా ఈ నారుకు పనికిరావు. అలాగని పూర్తిగా క్యాను నీళ్లే పోయడం కూడా సరికాదు, అందులో కాల్షియం, మెగ్నీషియం దాదాపుగా ఉండవు, 19:19:19 పొడిలోనూ అవి ఉండవు. ఒక వంతు బోరు నీటికి మూడు వంతుల క్యాను నీరు కలిపితే మీటరు 370 దరిదాపుల్లో చూపిస్తుంది. అలా కలిపితే ఉప్పు హద్దులో ఉంటుంది, బోరు నీటిలోని కాల్షియం కూడా కొంత అందుతుంది. నారుకు కావలసిన నీరు రోజుకు ఒకటి రెండు లీటర్లకు మించదు కాబట్టి ఖర్చు పెద్దగా ఉండదు.

ఇప్పటికే చేరిన ఉప్పును కడగడానికి, ఈ కలిపిన నీటినే ఒకసారి పైనుంచి నెమ్మదిగా, కింది నుంచి బాగా కారేంత వరకు పోసి, ట్రేను ఆరనివ్వండి. తెగులు కనిపించిన ట్రేకు మాత్రం అది కుదుటపడ్డాకే ఈ పని చేయండి. కింది నుంచి నీళ్లు పీల్పించే పద్ధతికి ఒక్క లోపం ఉంది: నీరు పైకి ఎక్కుతూ ఉప్పును పైపొరకు చేరుస్తుంది. అందువల్ల వారానికి ఒకసారి పైనుంచి కడగడం మంచిది. అన్నట్టు, కొబ్బరి పొట్టులోనే ఉప్పు ఉండే అవకాశం ఉంది. కొబ్బరి పీచు తీయడానికి డొక్కలను చాలాచోట్ల ఉప్పుటేటి నీళ్లలో నానబెడతారు, ఆ సోడియం పొట్టులో మిగిలిపోతుంది. తరువాతిసారి పొట్టు దిమ్మెను నానబెట్టి, పిండిన నీటిని మీటరుతో చూస్తూ, అంకె తగ్గేవరకు కడిగి వాడండి.

ఇక ఎరువు. విత్తనంలోని నిల్వ ఆహారం, తరువాత మొదటి జంట ఆకులు కలిసి మొక్కను మొదటి అసలు ఆకు విచ్చుకునే వరకు పోషిస్తాయి. అంతవరకు ఎరువు ఇవ్వడం అనవసరం, హానికరం కూడా. రెండు అసలు ఆకులు వచ్చాక, వట్టి కొబ్బరి పొట్టులో ఉన్న నారుకు ఆహారం తప్పనిసరి, ఎందుకంటే పొట్టులో మొక్కకు అందే నత్రజని లేదు. అంటే మీ టమాటకు ఇప్పుడు మొదలు పెట్టవచ్చు, మిరపకు ఇంకొన్ని రోజులు ఆగాలి. పొట్టుతో పాటు వర్మీకంపోస్టు కలిపి ఉంటే మరికొంత కాలం ఆగవచ్చు.

లీటరుకు 5 గ్రాములు అనేది పెరిగిన పంట ఆకుల మీద పిచికారీకి చెప్పే మోతాదు, దానిని లేత వేర్ల దగ్గర పోయకండి. 19:19:19 పొడిలో నత్రజని 19 శాతం. లీటరుకు పావు గ్రాము వేస్తే సుమారు 48 మిల్లీగ్రాముల నత్రజని, అర గ్రాము వేస్తే 95 మిల్లీగ్రాములు అందుతుంది. నారుకు 50 నుంచి 100 మధ్య సరిపోతుంది. పావు గ్రాముతో మొదలుపెట్టి, మూడు నాలుగు ఆకుల దశకు అర గ్రాముకు పెంచండి. వారానికి రెండుసార్లు ఎరువు నీళ్లు, మిగిలిన తడులలో మామూలు నీళ్లు ఇస్తే చాలు. ఎండిన పొట్టులో ఎరువు నీళ్లు పోయకూడదు, కొంచెం తేమ ఉన్నప్పుడే పోయాలి.

పావు గ్రామును ఇంట్లో తూచడం కష్టం. పది గ్రాముల పొడిని ఒక లీటరు క్యాను నీటిలో కరిగించి పెట్టుకోండి. అందులో నుంచి 25 మిల్లీలీటర్లు తీసి, కలిపిన నీటితో లీటరు చేస్తే పావు గ్రాము మోతాదు వస్తుంది, 50 మిల్లీలీటర్లు తీస్తే అర గ్రాము. దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూత ఒకటి దీనికోసమే వేరుగా పెట్టుకుంటే ఈ పనికి సరిపోతుంది. ఆ సీసా మీద స్పష్టంగా పేరు రాసి, పిల్లలకు అందకుండా, వెలుతురు తగలని చోట ఉంచండి. ఒక హెచ్చరిక: ఈ పొడిలోని నత్రజనిలో ఎక్కువ భాగం యూరియా రూపంలో ఉంటుంది, యూరియాను టీడీఎస్ మీటరు పసిగట్టలేదు. మీటరులో అంకె పెద్దగా పెరగలేదని మరికొంత పొడి వేయకండి.

జవాబు (కనిగిరి నుంచి)

జీవామృతాన్ని నేను మా పొలంలో వాడుతున్నాను, దాని మీద నాకు నమ్మకం ఉంది. అయినా గదిలోని ట్రేలకు వద్దనే చెబుతాను. అందులో బెల్లం, శనగపిండి, పేడ, మూత్రం ఉంటాయి. ఆరుబయట సజీవమైన నేలలో అవి సూక్ష్మజీవులకు మేత అవుతాయి. గాలి తక్కువగా ఆడే గదిలో, తడి పొట్టు మీద అవే బూజుకూ, చిన్న నల్ల దోమల వంటి ఈగలకూ మేత అవుతాయి. ఆ ఈగల పిల్లపురుగులు లేత వేర్లను కొరుకుతాయి. అవి ఎగురుతున్నట్లు కనిపిస్తే పసుపు రంగు జిగురు అట్టలు పెట్టి, పైపొరను బాగా ఆరనివ్వాలి. జీవామృతాన్ని కుండీలలోకి మార్చిన తరువాత వాడుకోండి.

ఒంగోలు వారిని నేనూ ఒక విషయం అడగదలచుకున్నాను. మా కనిగిరి వైపు బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. అది కూరగాయల నారుకు హాని చేస్తుందా?

జవాబు (ఒంగోలు నుంచి)

తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మనుషుల పళ్లకు, ఎముకలకు ప్రమాదం కాబట్టి ఫ్లోరైడు పేరు వినగానే మనకు ఆందోళన కలగడం సహజం. మొక్కలలో డ్రసీనా, స్పైడర్ ప్లాంట్, గ్లాడియోలస్ వంటివి దానికి సున్నితమైనవి, వాటి ఆకుల కొసలు మాడతాయి. టమాట, మిరప, వంగ ఆ జాబితాలోవి కావు. మీ నీటిలో ఫ్లోరైడుతో పాటు ఉండే బైకార్బొనేట్ల గురించే ఎక్కువ ఆలోచించండి. అవి పొట్టును క్షార గుణానికి తిప్పి, ఇనుము అందకుండా చేస్తాయి. అప్పుడు లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి, మధ్య భాగం పసుపు రంగుకు తిరుగుతాయి.

ప్రశ్న అడిగిన వారి నుంచి (నెల్లూరు)

కందుకూరు బాబాయి గారికి, ఒంగోలు అన్నయ్య గారికి, కనిగిరి వారికి కృతజ్ఞతలు. ట్రే అంచుల వెంబడి తెల్లటి పొర ఉన్నమాట నిజమే. పడిన మొక్కలను తీసివేశాను, నీళ్లు కలిపి పోయడం మొదలుపెట్టాను. ఇంకా మూడు సందేహాలు ఉన్నాయి. ఏసీ నుంచి కారే నీటిని, ఆర్వో యంత్రం బయటకు వదిలే నీటిని మొక్కలకు వాడవచ్చునా? వంగలో కింది ఆకులు పాలిపోవడం ఆకలి వల్లనా, ఉప్పు వల్లనా అని ఎలా తెలుసుకోవాలి? పెళ్లికి రెండు రోజులు ఊరికి వెళ్లవలసి ఉంది, అప్పుడు నారు సంగతి ఏమిటి?

జవాబు (ఒంగోలు నుంచి)

ఏసీ నీరు గాలిలోని తేమ చల్లబడి కారినది, అందులో లవణాలు దాదాపుగా ఉండవు. రోజూ తాజాగా పట్టుకున్నదైతే క్యాను నీటి బదులు వాడవచ్చు. పాచి పట్టిన గొట్టం నుంచి వచ్చినదీ, బకెట్టులో రోజుల తరబడి నిలిచినదీ వద్దు. ఆర్వో యంత్రం వదిలే నీరు మాత్రం నారుకు ఎట్టి పరిస్థితిలోనూ పోయవద్దు. తాగే నీటిలో నుంచి తీసిన ఉప్పంతా అందులోనే చేరి, బోరు నీటికన్నా చిక్కగా ఉంటుంది. ఇల్లు తుడవడానికి వాడుకోండి.

ఆకలికీ ఉప్పుకూ తేడా ఆకును చూసి కొంత, మీటరుతో కొంత తెలుస్తుంది. నత్రజని చాలనప్పుడు కింది ఆకులు మొత్తంగా ఒకే తీరున పాలిపోతాయి, పై ఆకులు పచ్చగానే ఉంటాయి, ఎదుగుదల ఆగుతుంది. ఉప్పు ఎక్కువైనప్పుడు అంచులు, కొసలు మాడతాయి. నీళ్లు పోసిన అరగంట తరువాత, ట్రే కింద శుభ్రమైన పళ్లెం పెట్టి, పైనుంచి కొంచెం క్యాను నీరు పోసి, మొదట కారిన నీటిని మీటరుతో చూడండి. నేను పెట్టుకున్న హద్దులు ఇవి: 500 లోపు ఉంటే మొక్క ఆకలితో ఉన్నదని, 1,300 దాటితే కడగాలని. మీ వంగకు రెండూ కలిసి ఉండవచ్చు, కాబట్టి ముందు కడిగి, ఆ తరువాతే పావు గ్రాము మోతాదు ఇవ్వండి. మొట్టమొదటి జంట ఆకులు మాత్రం నాలుగైదు అసలు ఆకులు వచ్చేసరికి పసుపు రంగుకు తిరిగి రాలిపోవడం సహజం, దానికి ఎరువు పెంచకండి.

మొక్కలు సన్నగా, పొడుగ్గా సాగుతున్నాయంటే అది వెలుతురు చాలకపోవడం. లైటును మొక్కల పైన జానెడు ఎత్తుకు దించి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలగనివ్వండి. ఎరువుతో ఆ లోపం తీరదు, ఇంకా ఎక్కువవుతుంది.

ఊరికి వెళ్లే ఉదయం ట్రేలను కింది నుంచి బాగా తడిపి, ఫ్యాను ఆపి, లైటు గంటలు తగ్గించండి. మందపాటి నూలు తువ్వాలును తడిపి పరచి, దాని ఒక కొసను నీళ్ల బకెట్టులో వేలాడదీసి, ట్రేలను ఆ తువ్వాలు మీద పెడితే, పొట్టు తనకు కావలసిన తేమను గుడ్డ ద్వారా తీసుకుంటుంది. బకెట్టులో కలిపిన నీరే ఉండాలి, ఎరువు వేయవద్దు.

జవాబు (కందుకూరు నుంచి)

అమ్మా, మిద్దె మీదికి మార్చే ముందు ఏం చేయాలో కూడా చెప్పి ముగిస్తాను. పొగాకు నారు పీకడానికి కొద్ది రోజుల ముందు మడికి నీళ్లు తగ్గిస్తాము. అప్పుడు కాండం గట్టిపడి, పొలంలో ఎండను తట్టుకుంటుంది. మీరు కూడా నారు నాలుగైదు ఆకుల దశకు వచ్చాక, మార్చడానికి వారం ముందు నుంచి ఎరువు ఆపి, తడికీ తడికీ మధ్య వ్యవధి పెంచండి, ఆకులు కొంచెం వాలబోతున్నప్పుడే నీళ్లు ఇవ్వండి. అదే వారంలో ట్రేలను ఉదయపు ఎండలో మొదట ఒక గంట, తరువాత రెండు మూడు గంటలు, షేడ్ నెట్ (నీడ వల) కింద ఉంచుతూ రండి. గదిలో పెరిగిన ఆకు ఎప్పుడూ ఎండను చూడలేదు, ఒక్కసారిగా నెల్లూరు ఎండలో పెడితే తెల్లగా మాడిపోతుంది.

మృగశిర కార్తెలో తొలకరి పడ్డా మన జిల్లాలలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. కాబట్టి జూన్‌లో మార్చినా కుండీల మీద నీడ వల ఉండవలసిందే. సాయంత్రం చల్లబడ్డాక, ట్రేను బాగా తడిపి, పొట్టు ముద్ద వేరుకు అంటుకుని ఉండేలా గుంట కింది నుంచి నొక్కి తీసి నాటండి. నాటిన వెంటనే చుట్టూ నీళ్లు పోయండి. ఎరువు మాత్రం కొత్త చిగురు కనిపించే వరకు వేయవద్దు.